మేయర్ బర్గర్ సోలార్ ప్యానెళ్లు: సరుకు బంగారం, వారంటీ గాల్లో

ఈ ప్యానెళ్లు చేసిన స్విట్జర్లాండ్ కంపెనీయే మూతపడింది, ఇప్పుడు రివ్యూ ఏంటి అంటారేమో. జర్మనీలో ఇవే ప్యానెళ్లు పెట్టించుకున్న మనవాళ్లు అడుగుతూనే ఉన్నారు, అందుకే రాస్తున్నా.

మాది సాక్సనీ రాష్ట్రం, ఫ్రైబెర్గ్ ఊరికి దగ్గర్లో. 2022లో 390 వాట్లవి 18 పెట్టించాం. నవంబరు, డిసెంబరు వదిలేయండి, ఇక్కడ ఆ రెండు నెలలూ సూర్యుడే సెలవు పెడతాడు, కానీ మొత్తమ్మీద ఏడాదికి 6,800 యూనిట్ల దాకా వస్తోంది, ఇంతవరకు ఒక్కటీ మొరాయించలేదు. మామూలు ప్యానెళ్ల మీద మందంగా గీతలు కనిపిస్తాయి కదా, వీటిలో ఆ చోట వెంట్రుకల్లాంటి సన్నని వైర్లు ఉంటాయి. నాకు చూపించింది అప్పట్లో ఫ్రైబెర్గ్‌లో మేయర్ బర్గర్ ఫ్యాక్టరీలోనే పనిచేసే మా పక్కింటాయనే. ఇంకా పైకి ఎక్కించకముందు, గ్యారేజీ గోడకి ఆనించి ఉంటే, గాజు మీద వేలు పెట్టి గీస్తూ "మా లైన్లోంచి వచ్చిందే ఇది" అన్నాడు, సొంత పొలం చూపిస్తున్నట్టు.

ఆయన అంతకుముందు అదే ఊళ్లో సోలార్‌వరల్డ్ అనే ఇంకో ప్యానెళ్ల కంపెనీలో చేసేవాడు. అది 2017లో దివాలా తీసి, కాస్త లేచి, 2018లో పూర్తిగా పడిపోయింది. 2021లో మేయర్ బర్గర్ ఆ పాత ఫ్యాక్టరీలోనే పని మొదలుపెడితే మళ్లీ చేరాడు. 2024 మార్చిలో అక్కడ ఉత్పత్తి ఆపేశారు, దాదాపు 500 మందికి దెబ్బ. సరుకులో లోపమేమీ లేదు. ఇక్కడ తయారీకయ్యే ఖర్చు కంటే తక్కువకి చైనా ప్యానెళ్లు వచ్చి పడుతుంటే ఎవరు కొంటారు? ప్రభుత్వం నుంచి అడిగిన ప్రత్యేక సాయం రాలేదు, కంపెనీ అమెరికా దారి పట్టింది. అరిజోనా ఫ్యాక్టరీ కూడా 2025 మేలో మూసేసి 282 మందిని పంపించేశారు. ఆ వెంటనే జర్మనీలో మిగిలిన చోట్ల కూడా దివాలా, ఇంకో 600 మంది. కొనేవాడి కోసం సెప్టెంబరు దాకా చూశారు, దొరకలేదు. ఒకే ఊళ్లో ఒకే పని రెండుసార్లు పోగొట్టుకున్న మనిషితో గోడ దగ్గర నిలబడి నా వారంటీ సంగతి ఎలా మాట్లాడను చెప్పండి.

25 ఏళ్లని రాసిన ఆ కాగితం ఇప్పుడు ఫైల్లో ఉంది, అంతే. ప్యానెళ్లు బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే (పేరెందుకులెండి) "కంపెనీయే లేదు, మేమేం చేస్తాం" అని పెట్టేశారు. మీరైతే బిల్లు, సీరియల్ నంబర్ల ఫొటోలు జాగ్రత్త చేసుకోండి. ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) వేరే కంపెనీదైతే దాని వారంటీతో దీనికి సంబంధం లేదు, టెన్షన్ పడకండి.

నేను మాత్రం స్టాకు అమ్మేస్తున్న ఒక షాపులో ఇంకో రెండు కొని పెట్టా. గ్యారేజీలో దుప్పటి కప్పి ఉన్నాయి. ఇవెందుకని మా ఆవిడ అడిగితే, అదే మన వారంటీ అన్నా.