మయసభ అన్నారు, నిజంగానే మయసభ

పేపర్లో పెట్టిన పాంప్లెట్ చూసి మొన్నాదివారం వెళ్లాం, మామ్మ, అప్ప, బావ, నేను. విజయనగరం రింగురోడ్డు వైపు కొత్తగా హోటల్ పెట్టారు, పేరు చెప్పన్లెండి. పాంప్లెట్లో పెద్దక్షరాలతో "మాయాసభలో భోజనం" అని ఉంది.

అది మాయాసభ కాదండి బాబూ, మయసభ. కట్టినోడి పేరు మయుడు. ఖాండవవనం తగలబడుతుంటే అర్జునుడు ప్రాణం కాపాడాడని, ఆ రుణం కింద ఇంద్రప్రస్థంలో ధర్మరాజుకి కట్టిచ్చాడు, 14 నెలలు పట్టిందని భారతంలో ఉంది. లోపలన్నీ వింతలే కాబట్టి జనం మాయ అనేసుకుంటారు, సరే.

నా డౌటు వేరే. సొంత హోటల్ని ఎవరైనా మయసభ అని చెప్పుకుంటారా? గృహప్రవేశానికెళ్లి ఇల్లు బాగుంటే ఇంద్రభవనంలా ఉందంటాం గానీ మయసభలా ఉందంటే ఇంటోళ్లు మొహమొహాలు చూసుకుంటారు. మయసభ అంటే లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు. దుర్యోధనుడు గచ్చుని నీళ్లనుకుని బట్టలెత్తుకున్నాడు, నీళ్లని గచ్చనుకుని పడ్డాడు, తలుపు తెరిచుందనుకుని నుదురు కొట్టుకున్నాడు, అందరూ నవ్వారు. స్కూల్లో ఏకపాత్రాభినయం అంటే అట్టముక్క గద పట్టుకుని సగం మంది ఇదే వేసేవాళ్లం. వచ్చిన చుట్టం పరువు పోయిన చోటది, దాన్ని పిలుపులో వేస్తే ఎలా?

అయినా వీళ్లు మాట తప్పలేదు. లోపలికెళ్లగానే అద్దం గచ్చు, కింద నీలం లైట్లు, చేపలు. మామ్మ ఆగిపోయి చీర కుచ్చిళ్లెత్తి "ఓలమ్మో, గచ్చంతా నీలేటర్రా" అంది. మేం నవ్వుతూ ఆవిడ చెయ్యి పట్టుకునే లోపే ముందెళ్తున్న బావ ఏసీ హాలు అద్దం తలుపుకి ఠంగుమని గుద్దుకున్నాడు, దాని మీద ఒక్క స్టిక్కరు కూడా లేదు. అక్కడ ద్రౌపది నవ్విందంటారు, ఇక్కడ కౌంటర్లో కుర్రాడు.

మెనూలో బిర్యానీ ఫోటోకి నాలుగు పీసులు, ప్లేట్లో రెండు, అందులో ఒకటి ఉత్త బొమికే. మామూలు నీళ్లడిగితే సీసా తెచ్చి బిల్లులో వేశారు. పప్పుచారు మాత్రం అచ్చం ఇంట్లో కాచినట్టుంది, మునక్కాడ సరిగ్గా ఉడికింది, మామ్మ రెండుసార్లు పోయించుకుంది. గోంగూర పచ్చడి కూడా పర్లేదు. సర్వీసు లేటు, పిల్లలున్నోళ్లకి చేపలు చూసుకుంటూ టైం గడిచిపోద్దిలెండి.

ఐదుకి మూడిస్తాను, ఆ మూడూ పప్పుచారుకే. వచ్చేటప్పుడు తలుపుకి ఏదో ఒక స్టిక్కరు అంటించమని చెప్పాం, కుర్రాడు మళ్లీ నవ్వాడు. బావ నుదుటి మీద బొప్పి ఇంకా తగ్గలేదు.