హెల్సింకి పబ్లిక్ సౌనాలు: ఎక్కడి ఆవిరి ఎలా ఉంది

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలోని సౌనాలను (ఆవిరి స్నానపు గదులను) మెచ్చుకునేవారు ముందుగా సముద్రాన్నీ కట్టడాన్నీ వర్ణిస్తారు గాని, సౌనాను తూచవలసింది ఆవిరితోనేనని నాలుగు చోట్ల చెమటోడ్చిన తరువాత నాకు రూఢి అయింది. కాలిన రాళ్ళపై నీళ్ళు పోసినప్పుడు లేచే ఆవిరికి ఫిన్నిష్‌లో ‘లోయ్లు’ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది.

ఆ లెక్కన నా ఓటు కల్లియో పేటలోని కోతిహర్యు సౌనాకు. (ఫిన్నిష్‌లో ‘కోతి’ అంటే ఇల్లు, మన కోతితో సంబంధం లేదు.) 1928లో మొదలైన ఈ సౌనా నేటికీ కట్టెలతోనే వేడెక్కుతుంది. ఆడవారికి, మగవారికి గదులు వేరు. లోపల బట్టలు కట్టుకోరు కనుక మొదటి అయిదు నిమిషాలు చూపు ఎక్కడ నిలపాలో తెలియదు, ఆ తరువాత ఎవరికీ ఆ ధ్యాసే ఉండదు. తెలియనితనంతో నేరుగా పై అరుగు ఎక్కాను. ఎవరో నీళ్ళు పోశారు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ వెంటనే వేడి గది పైకప్పును తాకి, మెడ మీదుగా దిగి, చెవి తమ్మెలను చురుక్కుమనిపించింది. రెండు వరుసలు కిందికి దిగాను. అంత వేడిలోనూ ఊపిరి సలపకపోవడం గాని, గొంతు ఎండిపోవడం గాని లేదు. తువ్వాలు చుట్టుకుని వీధిలో చల్లబడుతున్నవారి సరసన కూర్చుంటే, దారిన పోయేవారు తల తిప్పి కూడా చూడలేదు.

హెర్నెసారి తీరాన 2016లో తెరిచిన సౌనా పేరే ‘లోయ్లు’. ఈత దుస్తులు తప్పనిసరి, ఆడామగా కలిసే కూర్చుంటారు కనుక కొత్తవారికి ఇదే సులువు. ఇక్కడి పొగ సౌనా ప్రత్యేకం: పొగగొట్టం లేని పొయ్యిలో కట్టెలు కాలి, పొగ పోయిన తరువాతే మనుషులు లోపలికి వెళతారు. ఆ కమురు వాసనతోనే మెట్లు దిగి బాల్టిక్ సముద్రపు నీళ్ళలో మునిగితే ఒళ్ళు జివ్వుమంటుంది.

మరొక చోట, పేరు అనవసరం, తలుపు తీసి పెట్టి కబుర్లాడేవారిని వారించే దిక్కు లేదు. చిన్న విద్యుత్ పొయ్యిపై గరిటె మీద గరిటె నీళ్ళు కుమ్మరించేసరికి రాళ్ళు చల్లారి, గంజి వార్చినప్పటి తడి ఆవిరే మిగిలింది.

స్వచ్ఛంద సేవకులు నడిపే సోంపసౌనాలో రుసుము లేదు. వచ్చినవారే పొయ్యి రాజేసుకోవాలి. ముందు వెళ్ళినవారు కట్టెలు చీల్చక తప్పదు.