ఒకే రాకెట్, ఒకే తీగ, మూడు బిగువులు: విల్సన్ ఎన్ఎక్స్‌టీ 16తో ఎనిమిది నెలలు

టెన్నిస్ రాకెట్ కొన్న రోజున నా ధ్యాసంతా దాని బరువు మీద, రంగు మీద ఉంది. తీగలను ఎంత బిగువుగా లాగి వేయవచ్చో చెబుతూ చట్రం మీద చిన్న అక్షరాలతో అచ్చువేసిన 45–60 పౌండ్లు అన్న అంకెలను ఏడాది తరువాత, మోచేయి నొప్పి మొదలయ్యాకే శ్రద్ధగా చదివాను. నాది యోనెక్స్ ఈజోన్ 100. తల వైశాల్యం 100 చదరపు అంగుళాలు, తీగలు లేకుండా బరువు 300 గ్రాములు, నిలువు తీగలు 16, అడ్డ తీగలు 19. ఆ రెండు అంకెల నడుమ పదిహేను పౌండ్ల ఎడం ఉంది. అందులో మనం ఎక్కడ నిలవాలో చట్రం చెప్పదు. గడచిన ఎనిమిది నెలల్లో ఇదే రాకెట్‌కు విల్సన్ ఎన్ఎక్స్‌టీ తీగను, 1.30 మిల్లీమీటర్ల మందం గల 16 గేజ్‌ను, మూడు వేర్వేరు బిగువుల్లో వేయించి ఆడాను.

హైదరాబాద్‌లో రాకెట్‌కు తీగలు వేసే పనిని అందరూ గట్టింగ్ అనే అంటారు. పశువుల పేగు నుంచి తీసిన గట్‌ను వాడిన కాలం నాటి మాట అది. నైలాన్, పాలియెస్టర్ వచ్చి ఇన్నేళ్లయినా మాట మాత్రం పోలేదు. గట్టింగ్ దుకాణాలను నడిపించేది బ్యాడ్మింటన్. రోజంతా 24, 26, 28 పౌండ్లు లాగే చేతికి ఎప్పుడో ఒక టెన్నిస్ రాకెట్ తగులుతుంది. నేను మొదట వెళ్లిన దుకాణంలో "టెన్నిస్ అయితే అందరికీ 55 కొడతాం సార్" అన్న ఒక్క మాటతో సంభాషణ ముగిసింది. వేసినది గట్టి పాలియెస్టర్ అని నాకు తరువాత తెలిసింది. నలభై ఆరేళ్ల వయసులో వారానికి మూడు రోజులు డబుల్స్ ఆడే మనిషికి ఆ తీగ, ఆ బిగువు రెండూ నప్పవు. చెప్పని తప్పు దుకాణానిది ఎంతో, అడగని తప్పు నాదీ అంతే.

వదులు చేస్తే పవర్, బిగిస్తే కంట్రోల్ అన్నది కోర్టులో అందరి నోటా వినిపించే సూత్రం. సూత్రం తప్పు కాదు గానీ, దాని వెనుక కారణం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. టెన్నిస్ బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల వరకు లేవాలని నిబంధన. అంటే, నలిగిన ప్రతిసారీ బంతి తన శక్తిలో సగానికి దగ్గరగా పోగొట్టుకుంటుంది. తీగలు అలా కాదు. సాగేటప్పుడు తీసుకున్న దానిలో చాలా భాగాన్ని తిరిగి ఇచ్చేస్తాయి. అందువల్ల తీగలు వదులుగా ఉంటే అవి ఎక్కువ సాగుతాయి, బంతి తక్కువ నలుగుతుంది, నష్టం తగ్గుతుంది. అయినా నాలుగైదు పౌండ్ల తేడాతో బంతి వేగంలో వచ్చే మార్పు స్వల్పమే. ఆడేవాడికి కనిపించేది ప్రధానంగా బంతి లేచే కోణం. వదులు తీగల మీది నుంచి బంతి కాస్త ఎత్తుగా బయలుదేరి లోతుగా పడుతుంది. అది కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ దాటినప్పుడు మనం దానిని పవర్ అని పిలుచుకుంటాం.

మొదటి విడత 56 పౌండ్లు. తీగ మెత్తనిదే అయినా, నా ఫోర్‌హ్యాండ్‌లు నెట్‌కూ బేస్‌లైన్‌కూ నడుమ ఉండే సర్వీస్ లైన్‌కు ఒకటి రెండు అడుగుల అవతల పడి ఆగిపోయేవి. లోతు కోసం చేతిని బలంగా విసరడం, మధ్యలో తగలని బంతికి మణికట్టు దాకా అదురు రావడం, సాయంత్రానికి మోచేయి సలపడం వరుసగా జరిగాయి. రెండవ విడత ఏకంగా 48కి దిగాను. బంతి నేల తాకకముందే కొట్టే వాలీలు, ఎత్తుగా లేపే లాబ్‌లు, సర్వీస్‌ను అడ్డుకొని తిప్పి పంపే బంతులు ఇంత హాయిగా నేనెన్నడూ ఆడలేదు; చేతికి నొప్పి అన్నదే లేదు. కానీ నాది బంతిని పెద్దగా తిప్పకుండా, దాదాపు ఫ్లాట్‌గా కొట్టే చేయి. టాప్‌స్పిన్, అంటే బంతిని ముందుకు దొర్లేలా తిప్పడం, లేని ఫోర్‌హ్యాండ్ ఆ బిగువులో బయటికి పోతూనే ఉండేది, భయంతో నేను చేయి బిగబట్టి కొట్టడం మొదలుపెట్టాను. మూడవసారి 52 వేయించాక ఆ బెదురు పోయింది. ఇప్పుడు రెండేసి పౌండ్ల చొప్పున జరిపితే చాలునని తెలుసు. ఎనిమిదేసి పౌండ్లు దూకడం అసహనం తప్ప మరేమీ కాదు.

ఈ రెండవ, మూడవ విడతల పని వేరొక స్ట్రింగర్ (తీగలు వేసే మనిషి) దగ్గర చేయించాను. ఆయన మొదటి ప్రశ్న అంకె గురించి కాదు. "నంబర్ తర్వాత చెబుదురు గానీ సార్, బంతి నెట్‌లో పడుతోందా, బయటికి పోతోందా?" అని అడిగారు. ఆయనది ఎలక్ట్రానిక్ యంత్రం. లాగిన తీగను క్లాంప్‌తో బిగించి పట్టే దాకా దానిని అదే బలంతో లాగి పట్టుకుంటుంది. పాత దుకాణంలోది చేతితో తిప్పే రకం. అనుకున్న బలం చేరగానే అది తాళం పడి ఆగిపోతుంది, ఆ తరువాతి క్షణాల్లో తీగ సడలుతుంది. కాబట్టి రెండు చోట్లా 52 అని చెప్పినా చేతికి వచ్చే రాకెట్ ఒకటి కాదు. దుకాణం మారితే లెక్క మళ్లీ మొదటికి వస్తుందని గుర్తుంచుకోవాలి. తేదీ, తీగ పేరు, బిగువు రాసిన చీటీని ఆయన రాకెట్ గొంతు దగ్గర అంటించి ఇస్తారు. లోపమల్లా మూడు రోజులు పట్టడం. రెండవ రాకెట్ లేనివారికి అది ఇబ్బందే.

తీగ సంగతికి వస్తే, ఎన్ఎక్స్‌టీ సన్నని నైలాన్ పోగులను పెనవేసి చేసిన మల్టీఫిలమెంట్. బంతిని మెత్తగా పట్టి వదిలే గుణం దీనిలో నాకు బాగా నచ్చింది. ఈ జాతి తీగలన్నింటి లాగే వాడుతున్న కొద్దీ పోగులు లేస్తాయి. భారీ టాప్‌స్పిన్‌తో కొట్టే కుర్రవాళ్లు త్వరగా తెంపేస్తారు. వారికి పాలియెస్టరే దిక్కు, అయితే దానిని నాలుగైదు పౌండ్లు తగ్గించి వేయించడం మంచిది. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్టెన్ లుక్సిలాన్ కంపెనీ పాలియెస్టర్‌తో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన తరువాత ఆ తీగ లోకమంతా పాకింది గానీ, ఆయన చేతి వేగం మాత్రం ప్యాకెట్‌లో రాదు. పేరున్నవారి అంకెలను అరువు తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. సహజ గట్‌ను 75 పౌండ్ల దగ్గర బిగించుకున్న అమెరికా ఆటగాడు సాంప్రాస్, 30 పౌండ్ల లోపు ఆడిన ఫ్రాన్స్ ఆటగాడు మనారినో, ఇద్దరూ ఒకే ఆట ఆడి బతికారు.

చీటీ మీది అంకె కూడా ఎంతో కాలం నిలవదు. ఏ తీగ అయినా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పదో వంతు దాకా సడలవచ్చు, ఆపైన మెల్లగా దిగుతుంది. తంబూర శ్రుతి జారినట్టు తీగ మీటితే వచ్చే నాదం కూడా జారుతుంది. ఆ నాదాన్ని విని బిగువు చెప్పే మొబైల్ యాప్‌లు ఉన్నాయి. అందుచేత కొత్త గట్టింగ్ మీద మొదటి రోజు తీర్పు చెప్పడం మానుకొని, రెండవ వారం ఆడిన ఆటను బట్టి నిర్ణయిస్తున్నాను. ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. వేడికి బంతి చురుగ్గా ఎగురుతుంది, తీగ మెత్తబడుతుంది. డిసెంబరు ఉదయం లోపల పడిన బంతి ఏప్రిల్‌లో గీత దాటుతుంది. ప్రస్తుతానికి చీటీ మీద 52 ఉంది. మార్చి ఆఖరున 54 వేయమని స్ట్రింగర్‌కు ఇప్పుడే చెప్పి ఉంచాను.