అన్నపూర్ణ బేస్ క్యాంపు: రోజులు తగ్గించారు సరే, రాత్రులు ఎక్కడ?

హైదరాబాద్‌లో కూర్చుని నేపాల్‌లోని అన్నపూర్ణ బేస్ క్యాంపు ప్యాకేజీలు చూస్తుంటే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. అదే కొండ, అదే బోర్డు, దాని పక్కన చేతులు చాచి నిలబడ్డ ఎవరో ఒకరు. ధరలో తేడా వచ్చేది రోజుల దగ్గర. సెలవు దొరకని మా వంటి ఉద్యోగుల కోసం ఒకటి రెండు రోజులు కోసి, పొట్టి ట్రెక్కు అని పేరు పెట్టి అమ్ముతున్నారు. పొట్టిది కావడంలో తప్పు లేదు. ఆ రోజును ఎక్కడ కోశారన్నదే అడగాలి. ఈ ప్రశ్న మేము మల్కాజిగిరిలో ఉండగానే అడిగాం. సమాధానంగా వచ్చింది మాత్రం ఎన్ని పూటల భోజనం, ఎన్ని ఫొటోలు అనే జాబితా.

మేమంటే నేను, మావారు, మా మరిది, అతని ఆఫీసు స్నేహితులు ఇద్దరు. ఎవరెస్టు బేస్ క్యాంపు 5364 మీటర్లు. రానూ పోనూ రెండు వారాలు చేతిలో లేకుండా దాని పేరు ఎత్తకూడదు. అన్నపూర్ణ బేస్ క్యాంపు 4130 మీటర్లు. పైగా ఇప్పుడు పోఖరా నుంచి జీపులు నయాపూల్ దాటి, ఝిను దండా వేలాడే వంతెన దగ్గరి దాకా వెళ్తున్నాయి. పూర్వం నడిచే కింది ఊళ్ల దారి దీనితో తప్పిపోతుంది. ఘాంద్రుక్ చూడలేకపోవడం లోటే. గురుంగు తెగవారి రాతి ఇళ్ల ఊరు అది, 1986లో అన్నపూర్ణ పరిరక్షణ పథకం మొదలైంది అక్కడే. కానీ రెండు వేల మీటర్ల దగ్గర ఒక రాత్రి తగ్గితే శరీరానికి పెద్దగా పోయేదేమీ లేదు. కోత పెట్టాలంటే అక్కడ పెట్టాలి.

మా ప్యాకేజీలో మొదటి రాత్రి ఛోమ్రోంగ్‌లో, 2170 మీటర్లు. రెండో రాత్రి హిమాలయ అనే మజిలీలో, 2920. మూడో రాత్రి ఏకంగా బేస్ క్యాంపులో. అంటే ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య 1200 మీటర్ల పైచిలుకు ఎత్తు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, పెరిగితే ఎత్తు జబ్బు పట్టుకోవచ్చని వైద్యులు చెప్పే లెక్క. మన హైదరాబాద్ దక్కను పీఠభూమి మీద ఉందని మురిసిపోతాం కానీ మన అయిదు వందల చిల్లర మీటర్లు ఆ ఎత్తుల్లో లెక్కలోకే రావు. బేస్ క్యాంపులో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందే దానిలో సుమారు 60 శాతం.

వెళ్లే దారి గురించి రెండు ముక్కలు. ఢిల్లీలో విమానం మారి కాఠ్‌మాండూ, అక్కడి నుంచి పోఖరా. ఆ రోడ్డు సుమారు 200 కిలోమీటర్లే అయినా పగలంతా పట్టవచ్చు. చిన్న విమానంలో అరగంట కూడా పట్టదు. సెలవులు తక్కువైతే ఇంకెక్కడైనా పొదుపు చేయండి, ఇక్కడ విమానమే ఎక్కండి. డబ్బు కంటే తీరిక ఎక్కువ ఉన్నవారు సికింద్రాబాద్‌లో గోరఖ్‌పూర్ రైలు ఎక్కి సునౌలీ సరిహద్దు మీదుగా కూడా పోవచ్చు. మనకు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లే పెద్దవారికి పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు. అన్నపూర్ణ ప్రాంత ప్రవేశ అనుమతికి సార్క్ దేశాలవారి దగ్గర 1000 నేపాలీ రూపాయలు, అంటే మన 625, తీసుకుంటారు. ఇతర విదేశీయుల దగ్గర 3000.

పోఖరాలో ఫేవా చెరువు ఒడ్డున అద్దె దుకాణాలు బారులు తీరి ఉంటాయి. ఈకలు నింపిన చలి కోటు, స్లీపింగ్ బ్యాగు, చేతి కర్రలు అక్కడే తీసుకోవడం మంచిది. ఇక్కడి నుంచి కొని మోసుకెళ్లిన స్నేహితుడి సంచి బరువు చూసి పోర్టరు మొహం ముడుచుకున్నాడు. బూట్లు మాత్రం ఇక్కడే కొని, వారాల తరబడి వేసుకుని తిరగాలి. మేము ఆదివారాలు గోల్కొండ మెట్లు, మౌలాలీ గుట్ట మెట్లు ఎక్కాం, దిగాం. భువనగిరి కొండకు కూడా వెళ్లాం. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల శిక్షణ మొదలైంది ఆ ఏకశిల మీదే అని మా మరిది దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు. ఈ సాధన మోకాళ్లకు పనికొచ్చింది. ఎత్తుకు ఏ సాధనా పనికిరాదు. గుంపులో అందరికంటే చురుకైనవాడు మా మరిదే, పడకేసిందీ అతనే.

ఛోమ్రోంగ్ ఈ దారి మొత్తంలో ఉండదగిన ఊరు. గదులు శుభ్రం, వేడి నీళ్లు దొరుకుతాయి, కిటికీ తెరిస్తే అన్నపూర్ణ సౌత్, హియుంచులి ఎదురుగా నిలబడతాయి. ట్రెక్కర్లలో పేరుపడ్డ చాక్లెట్ కేకు ఈ ఊరిదే. పేరు నిలబెట్టుకునేలాగే ఉంది. ఆ పక్కనే అసలు పరీక్ష. ఊరి నుంచి నది దాకా రాతి మెట్లు దిగి, అవతల సినువా దాకా మళ్లీ ఎక్కాలి. తిరుగు దారిలో అవే మెట్లు ఎదురవుతాయి. అలసిన కాళ్లతో ఛోమ్రోంగ్ ఎక్కేటప్పుడు మావారు ఎవరితోనూ మాట్లాడలేదు. సినువా దాటాక పైకి మాంసం తీసుకువెళ్లకూడదన్నది స్థానికుల కట్టుబాటు, దేవతల చోటని. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కూడా ఛోమ్రోంగ్ పైన అమ్మరు. శుద్ధి చేసిన నీళ్లు డబ్బిచ్చి సొంత సీసాలో నింపుకోవాలి. ఈ రెండు నియమాలూ నాకు నచ్చాయి, బిర్యానీ లేదని అలిగిన మరిదికి మొదటిది నచ్చలేదు.

భోజనం మనకు కొత్తేమీ కాదు. దాల్ భాత్ అంటే పప్పన్నమే, పక్కన ఆకుకూర, బంగాళాదుంప కూర, అప్పడం, కాస్త ఊరగాయ. అడిగితే మళ్లీ వడ్డిస్తారు, దానికి డబ్బు ఉండదు. గైడ్లు, పోర్టర్లు తినేదీ అదే, కాబట్టి అది రోజూ తాజాగా వండుతారు. పాస్తా, పిజ్జా అడిగినవాళ్లు ఆలస్యంగా తిన్నారు, అసంతృప్తిగా తిన్నారు. మేము తీసుకెళ్లిన కరివేపాకు పొడికి వంటింటి దాకా గిరాకీ వచ్చింది.

హిమాలయ మజిలీ నాకు నచ్చలేదు. మోదీ ఖోలా నది లోయ అక్కడ ఇరుకు, ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా పోతుంది, పరుపులకు తేమ వాసన. గది అద్దె తక్కువే కానీ ఫోను ఛార్జింగ్‌కు ఒక ధర, వేడి నీళ్ల స్నానానికి ఒక ధర, వైఫైకి ఇంకో ధర. పైకి పోయేకొద్దీ ఇవన్నీ పెరుగుతాయి. గ్యాసు బండ కూడా మనిషి వీపు మీద పైకి వచ్చే చోట బేరం ఆడడం నాకు చేతకాలేదు. ప్యాకేజీలో ఇవేవీ కలపలేదని అక్కడికి వెళ్లాక తెలిసి స్నేహితులు గొడవ పడ్డారు. బుక్ చేసేటప్పుడే అడిగి రాయించుకోవలసిన సంగతులు ఇవి.

మూడో రోజు దేవురాలి చేరేసరికి మా మరిది నడక మందగించింది. 3230 మీటర్లు. తలనొప్పి అన్నాడు, భోజనం వద్దన్నాడు, కాసేపటికి వాంతి చేసుకున్నాడు. గైడు వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు తీసి చూశాడు కానీ ఆ అంకె మీద పెద్దగా ఆధారపడలేదు. మరిదిని ఒక గీత మీద ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనించి నడవమన్నాడు. తూలకుండా నడిచాడు. మెదడు వాపు లక్షణం కాదన్నమాట. అయినా ఆ రోజుకు నడక ఇక్కడితో సరి అని చెప్పేశాడు.

"వదినా, తలనొప్పే కదా, మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. నా వల్ల అందరూ ఆగడం ఎందుకు?" అన్నాడు మరిది.

గైడు హిందీలో నాతో అన్నాడు: "తలనొప్పి ఉన్న మనిషిని నేను పైకి తీసుకెళ్లను, దీదీ. కిందికంటారా, అర్ధరాత్రి అయినా తీసుకెళ్తాను."

లాడ్జీ వైఫై మీద హైదరాబాద్‌లోని ఏజెన్సీకి ఫోను చేశాం. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. "మేడమ్, పైన గదులు బుక్ అయి ఉన్నాయి. నెమ్మదిగా నడిపించమని గైడుకు చెప్పండి, ఏమీ కాదు. చాలామంది వెళ్తూనే ఉన్నారు కదా." చాలామంది వెళ్తారు, నిజమే. చాలామంది ఆ రాత్రంతా తల పట్టుకుని కూర్చుంటారు, అది ప్రకటనలో ఉండదు. మావారు ఫోను గైడుకు ఇచ్చారు. అతను విని, సరే సార్ అని పెట్టేసి, వంటింట్లోకి వెళ్లి మా అందరికీ వెల్లుల్లి సూప్ చెప్పి వచ్చాడు. సీజన్‌లో దేవురాలిలో గది దొరకడం కష్టం. లాడ్జీ యజమానితో అతనికున్న పరిచయం మీదే మాకు రెండు గదులు వచ్చాయి, స్నేహితులు భోజనశాల బల్లల మీద పడుకున్నారు. ఏజెన్సీ మాకిచ్చిన సేవల్లో అసలైనది ఈ మనిషే, అతనికి వాళ్లు ఇచ్చే జీతం ఎంతో మాత్రం మేము అడగలేదు, అతనూ చెప్పలేదు.

2023 ఏప్రిల్ నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడు లేకుండా వెళ్లకూడదని నేపాల్ నియమం పెట్టింది. దీన్ని అదనపు ఖర్చుగా చూసేవారు ఉన్నారు. నేను అలా చూడను. ఇంకో మాట: మాకు సహాయ గైడు కూడా ఉన్నాడు. అయిదుగురికి అక్కర్లేదని ఏజెన్సీ అంటే మావారు పట్టుబట్టి పెట్టించారు. అతను లేకపోతే మరుసటి తెల్లవారు అందరం కిందికి దిగవలసి వచ్చేది. అతను మరిదిని తీసుకుని హిమాలయకు దిగాడు. మూడు వందల మీటర్లు దిగేసరికి తలనొప్పి సగానికి సగం తగ్గిందని మరిది తరువాత చెప్పాడు. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి చాలామంది అడుగుతున్నారు. డాక్టరును కలిసి, సల్ఫా మందులు పడవని తెలిసినవారు ఆ సంగతి చెప్పి, తరువాతే తీసుకోండి. అది వేసుకుని ఎత్తులు దూకవచ్చని మాత్రం అనుకోకండి.

మిగిలిన మేము చీకటితోనే బయలుదేరాం. దేవురాలి పైన, హియుంచులి వాలు కింద నడిచే దారిలో మంచు చరియలు పడతాయి. 2020 జనవరిలో ఆ చుట్టుపక్కలే చరియ విరుచుకుపడి కొరియా ట్రెక్కర్లు, నేపాలీలు చనిపోయారు. ఎండ పైమంచును తాకక ముందే దాటాలని గైడు తొందరపెట్టాడు, ఫొటోల కోసం ఆగనివ్వలేదు. మచ్ఛాపుచ్ఛ్రే బేస్ క్యాంపు, 3700 మీటర్లు, చేరాక టీ తాగి కాళ్లు చాపాం. రోజు ఒకటి ఎక్కువ ఉన్నవారు ఇక్కడ రాత్రి ఉండి తెల్లవారుజామున పైకి వెళ్లడం అన్నిటికంటే మేలు. దేవురాలిలో ఒక రాత్రి ఉండి వచ్చినవారికి ఇది 470 మీటర్ల ఎత్తే, లెక్క లోపలే. పైనున్న 6993 మీటర్ల మచ్ఛాపుచ్ఛ్రే పవిత్ర శిఖరం, ఎక్కనివ్వరు. 1957లో వెళ్లిన బ్రిటిష్ బృందం కూడా కొసకు కొద్ది దూరంలో ఆగిపోయింది.

అక్కడి నుంచి బేస్ క్యాంపు దాకా దారి నిటారుగా ఉండదు, కానీ పది అడుగులకొకసారి ఆగాం. సూర్యోదయం మాకు దారిలోనే అయింది. అన్నపూర్ణ మొదటి శిఖరం మీద ఎర్రగా వెలుగు పడడం బేస్ క్యాంపులో పడుకున్నవారు చూశారు. మేము చేరేసరికి అంతా తెల్లగా, కళ్లు మిరుమిట్లు గొలిపేలా ఉంది. ఇది నష్టమే, కాదనను. అయినా మబ్బు పట్టక ముందే చేరాం. చుట్టూ మంచు గోడ, మధ్యలో మనం. 8091 మీటర్ల అన్నపూర్ణ దక్షిణ ముఖం నిట్టనిలువుగా లేచి ఉంది. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొట్టమొదట ఎక్కింది దీన్నే, 1950 జూన్ 3న, ఉత్తరం వైపు నుంచి. ఈ దక్షిణ గోడను 1970లో గానీ ఎక్కలేకపోయారు. 1997 డిసెంబరు 25న ఇక్కడే మంచు చరియలో పోయిన పర్వతారోహకుడు అనతోలీ బుక్రేవ్ స్మారకం దగ్గర ప్రార్థన జెండాలు కట్టి ఉన్నాయి. అంతటి కొండ ఎక్కేవాళ్లు పోయిన చోట మేము తలనొప్పి దగ్గర ఆగడం గురించి స్నేహితుడు సణగడం మానేశాడు.

అక్కడి లాడ్జీలను మేము భోజనశాల వరకే చూశాం. కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కో గదిలో నలుగురైదుగురు. రాత్రి ఉన్న ఒక చెన్నై దంపతులు, నక్షత్రాలు బాగున్నాయి కానీ కన్ను మూతపడలేదన్నారు.

దిగుడులో చెప్పుకోదగింది ఝిను దండా వేడి నీటి కుండాలు. నది ఒడ్డున, ఊరి నుంచి మెట్లు దిగి వెళ్లాలి. మోకాళ్లకు దీనికి మించిన వైద్యం లేదు కానీ మళ్లీ ఎక్కి రావడంలో సగం పోతుంది. హెలికాప్టర్ రక్షణ కలిసిన బీమా మేము తీసుకున్నాం, వాడలేదు. చిన్న తలనొప్పికే హెలికాప్టర్ పిలిపించి బీమా సొమ్ము పంచుకునే దందాపై 2018లో నేపాల్ ప్రభుత్వం విచారణ జరిపింది. కాబట్టి పిలవాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారో ముందే తేల్చుకోవాలి.

పైన వాడని గదుల డబ్బు తిరిగి ఇవ్వరా అని వచ్చాక అడిగాం. కార్యక్రమం మార్చింది మేమే కాబట్టి ఇవ్వబోమన్నారు. మేము గైడుకూ, సహాయ గైడుకూ, పోర్టర్లకూ ఎవరి కవరు వారి చేతికే ఇచ్చి వచ్చాం. ఏజెన్సీ ప్రకటన మొన్న మళ్లీ కనబడింది. మూడో రాత్రి ఇంకా బేస్ క్యాంపులోనే ఉంది.