కీలు తప్పిన మోచేతికి బ్రేస్ కొంటున్నారా? ఇది చదివి కొనండి

"కీలు తప్పిన మోచేతికి" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డయల్ బ్రేస్ (చెయ్యి ఎన్ని డిగ్రీల వరకు చాపొచ్చో డయల్ మీద పెట్టుకునే మోచేతి పట్టీ) మా తమ్ముడి కోసం తెప్పించాం, దయచేసి అలాంటిది కొనేముందు కాస్త ఆగండి. వాడు జారిపడుతూ చెయ్యి నేలకు ఆనించడంతో మోచేయి వెనక్కి తప్పింది. ఆసుపత్రిలో సరిచేసి కట్టు వేశారు, కట్టు తీశాక చెయ్యి ఎంతవరకు చాపొచ్చో చెప్పి, అంతకు మించి పోకుండా ఆపే బ్రేస్ పెట్టుకోమన్నారు.

మాకొచ్చినదాంట్లో డయల్ పిన్ను ఏ గీత దగ్గర పెట్టినా, చేతి బరువు పడగానే టక్కుమని జారి చెయ్యి పూర్తిగా చాచుకుపోతోంది. కొత్తగా కూర్చోబెట్టిన మోచేయి మళ్లీ తప్పే ప్రమాదం ఎక్కువగా ఉండేది అలా చాచినప్పుడే! అంటే ఏ పని కోసం కొన్నామో అదే చెయ్యట్లేదు. పెట్టుకుని చూశారు కాబట్టి వెనక్కి తీసుకోం అని అమ్మినవాళ్లు అంటున్నారు, పెట్టుకోకుండా జారుతోందని ఎలా తెలుస్తుంది?

పెట్టెలో ఉన్న కాగితం ఇంకా ఘోరం. కీలు తప్పగానే ఇంట్లోనే చెయ్యి గట్టిగా లాగి బ్రేస్ బిగించాలట, ఆరు వారాలు కదపకూడదట. ఎవరూ ఆ పని చెయ్యకండి. మోచేయి ముందు నుంచే చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం పోతుంది, నరాలూ అక్కడే ఉంటాయి. తమ్ముడి విషయంలో డాక్టర్ మొదట మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూశారు, చిటికెన వేలు, బొటనవేలు ముట్టుకుని స్పర్శ తెలుస్తోందా అని అడిగారు, వేళ్లు ఆడించమన్నారు. ఆ తర్వాతే ఎక్స్‌రే, ఎందుకంటే కీలు తప్పడంతో పాటు ఎముక కూడా విరిగి ఉండొచ్చు, పిల్లల్లో అయితే విరిగిన ముక్క కీలు మధ్యలో ఇరుక్కోవచ్చు కూడా. మత్తు ఇచ్చి సరిచేశాక మళ్లీ నాడి, మళ్లీ ఎక్స్‌రే.

ఇక ఆరు వారాల సంగతి. ఎముక విరగకుండా మామూలుగా కీలు తప్పితే ఒకటి రెండు వారాల్లోనే మెల్లగా కదిలించడం మొదలుపెట్టిస్తారు, మూడు వారాలు దాటితే మోచేయి బిగుసుకుపోయి తర్వాత పూర్తిగా చాపడం కష్టమవుతుంది. అలాగని మసాజ్ పేరుతో బలవంతంగా లాగించకండి, అది ఇంకా చెరుపు.

బ్రేస్ కొనాల్సి వస్తే తొడగకముందే చేత్తో బలంగా లాగి లాక్ ఆగుతుందో లేదో చూడండి, డాక్టర్‌కో ఫిజియోకో చూపించి డిగ్రీలు వాళ్ల చేతే పెట్టించండి. తొడిగాక వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, వేళ్లు చాస్తే నొప్పి భరించలేనంతగా ఉన్నా పట్టీలు వెంటనే వదులు చేసి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.