అరవై సీసాల పూసల పెట్టెలో టమాటా విత్తనాలు: ఆరు నెలల వాడకం తరువాత

విశాఖపట్నం సీతమ్మధారలో మా మిద్దె తోటకు పన్నెండేళ్లు. ఇన్నేళ్లలో నేను కోసిన టమాటాల కన్నా దాచిన విత్తనాల పొట్లాలే ఎక్కువని మా ఆవిడ అంటూ ఉంటుంది. నిరుడు ఆగస్టులో అలమరా అంతా దింపి లెక్కపెడితే టమాటా ఒక్కదానివే 143 పొట్లాలు తేలాయి కనుక ఆ మాటను కాదనలేకపోయాను. మందుల కవర్లు, శుభలేఖల కవర్లు, హోమియో సీసాలు, చివరికి కరెంటు బిల్లు మడిచి కట్టిన పొట్లం కూడా అందులో ఉంది. వాటిని ఒక దారికి తేవడానికి కొన్న పెట్టె గురించే ఈ సమీక్ష.

ఇది విత్తనాల కోసం చేసిన వస్తువు కాదు. పూసల పని, మగ్గం పని చేసేవారు రంగురంగుల పూసలు వేరువేరుగా పెట్టుకోవడానికి వాడే పెట్టె. పూర్ణా మార్కెట్ దగ్గర ఒక ఫ్యాన్సీ దుకాణంలో 420 రూపాయలకు తీసుకున్నాను. గట్టి బట్ట తొడుగు, చుట్టూ జిప్పు, లోపల వరుసగా అరవై చిన్న ప్లాస్టిక్ సీసాలు, వాటికి తిప్పి బిగించే మూతలు, ఒక బుల్లి గరాటు, పేర్లు రాసి అంటించుకునే చీటీలు ఇస్తారు. టమాటా విత్తనాలు గ్రాముకు సుమారు మూడు వందలు తూగుతాయి కాబట్టి ఒక్కో సీసాలో ఒక ఇంటి తోటకు పదేళ్లకు సరిపడా పడతాయి. చిక్కుడు, బీర వంటి పెద్ద గింజలకు మాత్రం ఇది చాలదు.

నూట నలభై మూడింటిని అరవైలో ఇమడ్చడమే అసలు పని. ముందుగా ఒకే విత్తనం మూడు నాలుగు పేర్లతో ఉన్న పొట్లాలను కలిపేస్తే ముప్పై ఒకటి తగ్గాయి. ‘నాటు’, ‘నాటు గుండ్రం’, ‘ఆనందపురం నాటు’ అని మూడు చోట్ల రాసుకున్నది ఒకటే రకం. తరువాత హైబ్రిడ్ల వంతు వచ్చింది. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్కా రక్షక్ ఆకుముడతను, బ్యాక్టీరియా వడల తెగులును, ఆకుమాడును తట్టుకునే మంచి హైబ్రిడ్ అయినా, దాని కాయ నుంచి మనం తీసిన గింజలు మరుసటి తరంలో తల్లి గుణాలను తలో దారికి చీల్చుకుంటాయి. పైపెచ్చు కూరగాయల బండి మీద నచ్చిన కాయల నుంచి ఆశపడి తీసినవీ అందులో చాలా ఉన్నాయి. మొత్తం ఇరవై రెండు పొట్లాలు అలా పక్కకు పోయాయి. పూసా రూబీ, అర్కా వికాస్, పీకేఎం-1 వంటివి సూటి రకాలు, అంటే గింజ వేస్తే మళ్లీ అదే రకం వచ్చేవి, పైగా టమాటాలో పరపరాగ సంపర్కం (వేరే మొక్క పుప్పొడి కలవడం) తక్కువ, కాబట్టి వాటిని నిశ్చింతగా ఉంచుకున్నాను. మూడో విడతలో చలి దేశాల పెద్ద కాయల రకాలు పద్నాలుగు వెళ్లాయి. మన ఊళ్లో రాత్రులు కూడా వెచ్చగా ఉండే నెలల్లో అవి పూత పూసి రాల్చేయడమే తప్ప కాయ నిలపవు. వాటి బొమ్మలు చూసి ఎన్నేళ్లు మోసపోయానో లెక్క చెప్పను.

మిగిలిన డెబ్బై ఆరింటికి మొలక పరీక్ష పెట్టాను. తడి టిష్యూ కాగితంలో ఇరవై గింజలు పరిచి, చుట్టి, జిప్ కవరులో పెట్టి, అయిదో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మొలకలు లెక్కపెట్టాలి. మన దేశంలో ధ్రువీకరించిన టమాటా విత్తనానికి కనీసం 70 శాతం మొలక ఉండాలని నియమం. ఇంటి విత్తనానికి అంత కట్టుబాటు అక్కరలేదు కనుక నేను సగం చాలనుకున్నాను. ఆ గీటుకు ఇరవై రెండు రకాలు అందలేదు. అయితే వాటిలో ఒకదాన్ని పారవేయలేదు. మా అమ్మ ‘రామములక్కాయ’ అని పిలిచే పుల్లటి చిన్న కాయ అది, ఇరవైలో మూడే మొలిచాయి, ఆ మూడింటినీ కుండీల్లో నాటితే ఒక్క మొక్క దక్కింది. దాని కాయల గింజలు ఇప్పుడు నలభై ఒకటో సీసాలో ఉన్నాయి.

అలా యాభై అయిదు రకాలు తేలాయి, అరవై సీసాలు ఉన్నాయి కదా అనుకున్నాను. నింపే ముందు ప్రతి సీసాలో నీళ్లు పోసి, మూత బిగించి, రాత్రంతా తలకిందులుగా కాగితం మీద నిలబెట్టాను. ఆరు సీసాలు కారాయి, వాటి మూతల మరలు సరిగ్గా పడడం లేదు. యాభై నాలుగే మిగలడంతో ఇంకొక రకాన్ని కింది వాటా వారికి ఇచ్చేయవలసి వచ్చింది. నీరు కారని సీసాలు కూడా గాలిలోని తేమను పూర్తిగా ఆపలేవు. తేమను పీల్చుకుంటే రంగు మారే నారింజ రంగు సిలికా జెల్ గుళికలను ఒక సీసాలో వేసి వానల రోజుల్లో బాల్కనీ అరలో ఉంచితే పదకొండు రోజులకు ఆకుపచ్చకు తిరిగాయి. రబ్బరు వలయం ఉన్న డబ్బాలో పెట్టినవి నెల దాటినా రంగు మారలేదు. సముద్రపు గాలి తగిలే ఊరిలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే విత్తనంలో తేమ ఒక శాతం తగ్గినకొద్దీ దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని హారింగ్టన్ సూత్రం చెబుతుంది.

అందువల్ల నేను ఇప్పుడు విత్తనాలను వాటి బరువుకు సమానమైన సిలికా జెల్‌తో ఒక వారం మూసిపెట్టి ఆరబెట్టి, సీసాల్లో నింపి, మొత్తం పెట్టెను రబ్బరు వలయం ఉన్న పెద్ద డబ్బాలో గుప్పెడు జెల్‌తో సహా ఉంచుతున్నాను. నీలం రంగు జెల్‌లో ఒంటికి హాని చేసే కోబాల్టు క్లోరైడ్ ఉంటుంది కనుక ఇంట్లో నారింజ రంగుదే మేలు. డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టేవారు బయటికి తీసిన వెంటనే మూత తెరవకూడదు, అది గది వేడికి వచ్చే దాకా ఆగకపోతే చల్లటి గింజల మీద తేమ పడుతుంది. నేను మాత్రం 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత రోజుల తరబడి కరెంటు లేక ఫ్రిజ్‌లోని సరుకంతా పారబోసుకున్నవాణ్ణి కావడం వల్ల ప్రతి రకంలో సగం గింజలను అలమరాలోనే విడిగా ఉంచుతున్నాను.

మరో రెండు లోపాలున్నాయి. టమాటా గింజల మీది సన్నని నూగు వల్ల అవి ప్లాస్టిక్ గోడలకు అతుక్కుపోతాయి, వంచినా రాలవు, పుల్లతో గీరాలి. వారిచ్చిన చీటీలు ఫ్రిజ్‌లో వారానికే ఊడాయి, కనుక పేరు, కోసిన సంవత్సరం పెన్సిలుతో కాగితం ముక్క మీద రాసి సీసా లోపలే వేస్తున్నాను.

నిజానికి గింజల రక్షణ వరకే చూస్తే కాగితపు కవర్లు, ఒక రబ్బరు వలయం డబ్బా చాలు, నూట యాభై రూపాయలు కూడా కావు. కానీ కవర్లకు హద్దు ఉండదు, నా పొట్లాలు 143 దాకా పెరిగింది అందుకే. ఈ పెట్టెలో కొత్త రకం చేరాలంటే పాతది ఒకటి ఖాళీ చేయక తప్పదు. నాలాంటి వారికి 420 రూపాయలు ఆ కట్టడికి ఇచ్చినట్లే, అయిదు నక్షత్రాలలో మూడు ఇస్తాను. కొనేవారు దుకాణంలోనే అరవై మూతలూ తిప్పి చూసుకోవాలి. ఆరు సీసాలు మార్చమని నేను మర్నాడు వెళితే, “సెట్టులో విడిగా ఇవ్వడం కుదరదండీ” అన్నారు, బిల్లు అడుగున ఆ సంగతి ముందే అచ్చువేసి ఉంది.