సింగ్‌నగర్ ఇంటి ముందు పర్మినెంటు పూలమొక్కలు: ఏళ్ల తరబడి పెంచాక నా మార్కులు

చలికాలం రాగానే బంతి, చామంతి కుండీలు కొనుక్కురావడం, శివరాత్రి దాటేసరికి ఎండిన కాడలు పీకి పారేయడం. ఈ వరస మీద విసుగొచ్చి, విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు జాగా అంతా నర్సరీవాళ్లు ‘పర్మినెంటు’ అనే మొక్కలతోనే నింపాను. రోహిణి కార్తె ఎండలూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదా రెండూ చూసిన తోట ఇది. కాబట్టి మార్కులు వేసే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

యూట్యూబ్‌లో చూపించే లావెండర్, పియోనీల జోలికి మాత్రం వెళ్లకండి. వాటికి చలి కావాలి. మనదేమో మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు.

ముద్ద నందివర్ధనానికి పదికి తొమ్మిదిన్నర. ఎండ పడినా, కాస్త నీడ పడినా పూస్తుంది. ఆకు ఏడాది పొడవునా నిగనిగలాడుతుంది. పూజకు పొద్దున్నే గిన్నెడు పూలు. ప్రహరీ వెంట వరసగా వేసి నడుం ఎత్తున కత్తిరిస్తుంటే వేరే కంచె అక్కర్లేదు. అర మార్కు ఎందుకు తగ్గించానంటే, కొమ్మ తుంచితే కారే పాలు బట్టలకు అంటితే ఓ పట్టాన వదలవు.

మందారం అందరిళ్లలో ఉండేదే కానీ చాకిరీ ఎక్కువ. కొమ్మల మీద చీమలు బారులు కట్టాయంటే తెల్లటి దూదిలా పట్టే పురుగు, పిండినల్లి వచ్చినట్టే. అది కార్చే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడుతున్నాను. వారం మానేస్తే మళ్లీ తెల్లటి బూజు. రేకు మందారం ఫరవాలేదు, ముద్ద మందారం వేసవిలో మొగ్గలన్నీ రాల్చేస్తుంది. ఆరు మార్కులు.

నూరువరహాల మీద చాలా ఆశ పెట్టుకున్నాను. మా నల్లరేగడి నేలలో కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉండిపోయాయి. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే పచ్చబడుతుంది. కొన్నాళ్లకు మళ్లీ మామూలే. అదే మొక్క ఎర్రమట్టి నింపిన పెద్ద కుండీలో గుత్తులు గుత్తులుగా పూస్తోంది. నేలలో నాలుగు, కుండీలో ఎనిమిది.

గేటు మీదికి పాకించిన కాగితం పూలకు నీళ్లు ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. వాడిపోయేదాకా ఆగి పోస్తేనే ఒళ్లంతా రంగు. ముళ్లు గీసుకుని సిలిండర్ అబ్బాయి తిట్టే తిట్లు అదనం.

అసలు పరీక్ష వరదే. రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, తర్వాత బురద. కాగితం పూలు, మల్లె, కనకాంబరం కుళ్లిపోయాయి. మందారాల్లో కొన్నే మిగిలాయి. నందివర్ధనం ఆకంతా రాల్చేసి, దసరా వెళ్లాక చిగుర్లు వేసింది. మెట్టతామర పైన నల్లబడినా కింద దుంప బతికే ఉంది, ముందుగా పూసింది అదే. ఎర్రగన్నేరు చెక్కుచెదరలేదు. వాగుల ఒడ్డున పెరిగే జాతి కదా, నీళ్లు దానికి కొత్త కాదు. అయినా చిన్నపిల్లలున్న ఇంట్లో గన్నేరు పెట్టమని చెప్పను, ఆకు నుంచి పువ్వు దాకా అంతా విషమే. బిళ్లగన్నేరు చచ్చింది కానీ, బురద ఆరాక గచ్చు పగుళ్లన్నిటిలో దాని మొలకలే. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఈ మొక్క నుంచే తీశారు. మా వీధిలో మాత్రం మేకలు కూడా ముట్టవు. అంచు వరసకు ఇంతకంటే చవకైన మొక్క లేదు.

మల్లెను మళ్లీ వేశాను, ఈసారి ఇటుకలు పేర్చి ఎత్తు చేసిన మడిలో. పర్మినెంటు అంటే పని ఉండదనుకునేవాళ్లకు ఇది నచ్చదు. చలికాలంలో నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు సగానికి కత్తిరించి, పెంట వేసి తడి ఇస్తేనే మార్చి నుంచి మొగ్గలు. కత్తిరించకపోతే తీగలు సాగడమే తప్ప పూలు అంతంతమాత్రం.

కొనబోయేవాళ్లకు ఒక సంగతి. కడియం వైపు నుంచి వచ్చే మొక్కలకు వేళ్ల చుట్టూ ఎర్రమట్టి గట్టిగా ముద్ద చేసి ఉంటుంది. నల్లమట్టి గుంతలో అలాగే దించితే వేరు ఆ ముద్ద దాటి బయటకు రాదు. కాసేపు నీళ్లలో నానబెట్టి, అంచులు వేళ్లతో వదులు చేసి నాటండి. అది కూడా వానలు పడ్డాక, జూలైలో. ఏప్రిల్‌లో సగం రేటుకిస్తామన్నా తెచ్చుకోకండి.